కుల్యయు నావ్యమును: గోదావరీ కృష్ణా కాలువల పడవత్రోవల చరిత్రము

సంస్కృతమున నీటిత్రోవలను దెలుపు మాటలు పెక్కులు గలవు. వానిలో రెండు మాటలు ప్రస్తుత విచారణకు ముఖ్యములు. ఒకటి కుల్య, రెండవది నావ్యము. అమరసింహుడు కుల్యను మానవనిర్మితమైన యల్పనదిగా జెప్పినాడు. నావ్యశబ్దమును పాణిని తన చతుర్థాధ్యాయమున తద్ధితప్రకరణమునందు సాధించినాడు. నౌశబ్దముమీద 'దానిచే దాటదగినది' అను నర్థమున యత్ప్రత్యయము వచ్చును. యకారాది ప్రత్యయము పరమగునపుడు ఔకారమునకు వాంతాదేశము గలిగి నావ్యమని రూపము సిద్ధించును. ఆ పాదముననే 'నావచే తరించువాడు' అను నర్థమున ఠన్ప్రత్యయము వచ్చి నావికశబ్దమేర్పడినది. కుల్యను కర్షకుడు కోరును. నావ్యమును నావికుడు కోరును. కర్షకునకు నీరు పల్లమునకు బాఱి పొలము తడిపిన జాలును. నావికునకు నీరు నిలుకడగా, లోతుగా నుండవలెను. ఒకనికి బ్రవాహము ప్రయోజనము. వేఱొకనికి లోతు ప్రయోజనము. కావుననే ప్రాచీనులు కుల్యను నావ్యమనలేదు. నావ్యమును నదీసాగరములకే విడిచిరి.

ఈ రెండు ప్రయోజనములు నొక్క కాలువయందు గూడుట మన దేశమున గోదావరీ కృష్ణా సీమలలో పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున జరిగినది. కుల్య నావ్యమైనది. ఒక శతాబ్దికి బైగా నట్లేయుండి, పిదప మఱల కుల్యగానే మిగిలినది. కాలువల చరిత్రము వ్రాసినవారు పెక్కండ్రు వ్యవసాయముయొక్క యభ్యుదయమునే వర్ణించిరి. అది యుచితమే. కాని యా కాలువలపై బ్రజలు ప్రయాణము చేసిన చరిత్రము, ఆ ప్రయాణముతో భాషకు వచ్చిన మాటల చరిత్రము, తగినంతగా విచారింపబడవలసియున్నది. ఈ వ్యాసమున కదియే విషయము.

మన పూర్వులకు జలాధారనిర్మాణము క్రొత్త విద్య కాదు. కడప మండలమందలి పోరుమామిళ్ల చెఱువుకట్టపై 1369వ సంవత్సరపు సంస్కృతశాసన మొకటి గలదు. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు, అనగా భవదూరుడు, ఆ చెఱువును గట్టించెను. మంచి చెఱువునకు గావలసిన పండ్రెండంగములను, కట్టకూడని తావుల దోషములను ఆ శాసనము శాస్త్రీయముగా నెన్ని చూపినది. ఇట్టి విద్య గలవారికి గోదావరివంటి మహానదికి నడ్డుకట్ట వేయుట మాత్రము సాధ్యము కాలేదు. కావున చెఱువు క్రింద బాఱు కాలువలు పొలమువఱకే పోయినవి. ఊరినుండి యూరికి మనుష్యుని మోసికొనిపోవు కాలువ లేదు. నదులలో నావలుండెను, తీరమున నోడలుండెను. నడుమనున్న నేలయంతయు కాలినడకకును, ఎడ్లబండికిని, పల్లకికిని విడువబడినది.

ఆ కాలపు ప్రయాణమెట్టిదో తెలియుటకు మనకొక యుత్తమసాక్ష్యము గలదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, కాశి మొదలగు క్షేత్రములను సేవించి, 1831 సెప్టెంబరులో దిరిగి వచ్చెను. త్రోవలో దాను జూచిన విశేషములను మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు లేఖలుగా వ్రాసి పంపెను. ఆ లేఖలే 1838లో కాశీయాత్రచరిత్రగా నచ్చుపడినవి. మఱలి వచ్చునపుడు ఆయన తీరాంధ్రము మీదుగా వచ్చెను. మజిలీలు, సత్రములు, బోయీలు, ఏఱు దాటుటకు రేవుకడ వేచియుండుట: ఇవియే నాటి ప్రయాణాంగములు. మన భాషయందలి మొదటి గొప్ప యాత్రాగ్రంథము మిత్రునకు వ్రాసిన లేఖలనుండి పుట్టినదను సంగతి మఱవదగినది కాదు. దూరము వెళ్లినవానికి స్నేహితుడు గుర్తువచ్చును; స్నేహితుడు గుర్తువచ్చినందున త్రోవ గ్రంథమగును.

వీరాస్వామయ్య తిరిగివచ్చిన మఱుసటి యేడు నందన సంవత్సరము. 1832-33లో గుంటూరు సీమను దహించిన డొక్కల కఱవు అదియే. కృష్ణ ప్రక్కన బాఱుచుండగా దాని తీరమున జనులు లెక్కకు మిక్కిలిగా నశించిరి. 1839లో తుపాను కోరంగి తీరమును ముంచెను. నీరు లేక యొకయేడు, నీరు మిక్కిలియై యొకయేడు ప్రజలు చెడిరి. ఈ దుర్దశకు మందు వెదకవలసినదని దొరతనమువారు పంపిన యింజనీరు ఆర్థరు కాటను. ఆయన 1803లో జన్మించి 1899లో మరణించెను. గోదావరికి రాకమునుపే తంజావూరు సీమలో కొళ్ళిడపునదిపై నానకట్టలు కట్టి యనుభవము సంపాదించెను. ధవళేశ్వరముకడ గోదావరికి కట్టిన యానకట్ట 1847లో నారంభమై 1852లో ముగిసినది. నది యక్కడ లంకలచే చీలియుండుటవలన ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా దానిని గట్టిరి. కట్టడపు నిడివి రెండు మైళ్లకు బైబడినది. గోదావరి ముగిసిన 1852లోనే కృష్ణపై బెజవాడకడ బని యారంభమయ్యెను. చార్లెసు ఆరు అను నింజనీరు చేతిమీదుగా నది 1855లో ముగిసెను.

కాటను నీటిని పొలమునకు దెచ్చుటతో దృప్తి పొందలేదు. పండిన ధాన్యము పొలమునందే యుండిన రైతునకేమి లాభము? దానిని రేవునకు జేర్చు త్రోవ చవుకగా నుండవలెను. కాలువయే త్రోవయైనచో వేఱుగా త్రోవ వేయ నక్కఱలేదు. బండిపై బోవు బరువుకన్న నీటిపై దేలు బరువును లాగుట మిక్కిలి సులభము. కావున ప్రధానమైన కాలువల నన్నిటిని పడవలు నడచుటకు దగిన వెడల్పుతోను లోతుతోను త్రవ్వించెను. ఇనుపదారికన్న నీటిదారియే యీ దేశమునకు మేలని యాయన జీవితాంతము వాదించెను. ఆ వాదమును దొరతనమువా రంగీకరింపకపోయినను, డెల్టాలో మాత్రమాయన సంకల్పము నెఱవేఱినది.

ఇచ్చట నొక చిక్కు గలదు. డెల్టా చదునుగా గనబడినను సముద్రమువైపు వాలియుండును. ఆ వాలు ననుసరించి కాలువను వదలినచో వేగము హెచ్చి గట్లు కోసికొనిపోవును, పడవ యెదురెక్కలేదు. కావున కాలువను మెట్లుమెట్లుగా దీర్చి, ఒక్కొక్క మెట్టుకడ నొక యఱను గట్టిరి. ఆ యఱకు పైవైపున రెండు తలుపులు, క్రిందివైపున రెండు తలుపులు నుండును. క్రిందినుండి వచ్చిన పడవ యఱలో బ్రవేశింపగానే వెనుకతలుపులు మూయుదురు. పైనీటిని తూములగుండ లోనికి వదలుదురు. నీటితో గూడ పడవయు బైకి లేచును. రెండువైపుల నీరు సమమట్టమునకు వచ్చినపిదప ముందుతలుపులు తెఱచుదురు. పైనుండి వచ్చు పడవను వ్యతిక్రమముగా దింపుదురు. ఏనుగు బలముగాని, యావిరియంత్రముగాని లేక, కేవలము నీటిచేతనే నీటిపైకి బడవ నెక్కించు ఈ యుపాయమే కుల్యను నావ్యము చేసినది. దీనిని జనులు లాకు అనిరి.

ఈ కాలువలన్నియు విడివిడిగా లేవు. కాకినాడనుండి సామర్లకోట మీదుగా ధవళేశ్వరము వచ్చి, నది దాటి విజ్జేశ్వరముకడ పశ్చిమకాలువలో బ్రవేశించి, నిడదవోలు, తాడేపల్లిగూడెము మీదుగా పడవ యేలూరు చేరును. బెజవాడనుండి వచ్చు కృష్ణకాలువ యచ్చటనే గోదావరి కాలువతో గూడును. రెండు మహానదుల నీరును మనుష్యయత్నముచే నేలూరున సంగమించెనన్నమాట. బెజవాడకడ కృష్ణను దాటి పశ్చిమకాలువపై దుగ్గిరాల, అచ్చటినుండి కొమ్మమూరు కాలువపై పెదగంజాము చేరినచో బకింగుహాము కాలువ యెదురగును. ఈ కాలువ చరిత్ర మఱియు పాతది. 1806లో కాక్రేను అను వర్తకుడు చెన్నపట్టణమునుండి యెన్నూరువఱకు ద్రవ్వించినది క్రమముగా నుత్తరమునకు బెరిగెను. 1876-78 నాటి మహాక్షామమున గూలిజనులకు బని కల్పించుటకై చెన్నపట్టణములో కూవము, అడయారు ఏళ్లను గలుపు భాగమును ద్రవ్వించిరి. అప్పటి గవర్నరు పేరిట దానికి బకింగుహాము కాలువ యని పేరు వచ్చెను. ఇట్లు కాకినాడలో బడవ యెక్కినవాడు సముద్రమును ముట్టకయే చెన్నపట్టణమున దిగగలిగెను. బియ్యము, ఉప్పు, వంటచెఱకు, మనుష్యులు, మాటలు: అన్నియు నీ త్రోవనే నడచినవి.

ఈ చరిత్రమును గ్రంథములందు జదివియున్నను, కంటితో జూడవలెనను కోరిక చిరకాలముగా నుండెను. గడచిన మాఘమాసమున, కోనసీమయందు బోధకవృత్తి చేసి విశ్రాంతి గొన్న మిత్రులిద్దఱు నన్ను బిలువగా, మోటారుబండిలో బెజవాడనుండి బయలుదేఱితిని. బెజవాడ నడిబొడ్డున నేలూరు, బందరు, రైవసు కాలువలు మూడును వేళ్లవలె విడిపోవును. రాజమార్గము గన్నవరమువైపు సాగునపుడు కొంతదూరమేలూరు కాలువ మనకు దోడువచ్చును. పిమ్మట మామిడితోపులు, చెఱువులు, కుడివైపున దూరమున కొల్లేటి పల్లము. తాడేపల్లిగూడెము దాటి పెద్దరస్తా విడిచి నిడదవోలు త్రోవ పట్టిన తర్వాత దృశ్యము మాఱును. రస్తా కాలువగట్టుపై నడచును. ఒకవైపు నిండుకాలువ, ఒకవైపు దాళ్వా వరినాట్ల పచ్చదనము, నడుమ కొబ్బరిచెట్ల నీడ. ఈ రస్తాలు పెక్కింటికి మూలము కాలువగట్టే యని యెఱిగినవారు కొలదిమంది. గాలి లేనపుడు పడవవారు మోకుపట్టి లాగుచు నడచిన బాటయే పిదప బండిబాటయై, నేడు తారురోడ్డైనది. త్రోవ తన్ను గన్న తల్లిని మఱుగుపఱచినది.

విజ్జేశ్వరముకడ గోదావరిని దాటితిమి. పాత యానకట్ట స్థానమున నిప్పుడు నూతనమైన బ్యారేజి గలదు. దానికి గాటను పేరే పెట్టిరి. కృష్ణపై నట్లే పాతదాని స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చినది. బొబ్బర్లంకకడ మధ్యడెల్టా కాలువ తల యెత్తును. దాని గట్టునబడి యాత్రేయపురము చేరితిమి. మిత్రులలో నొకరు వ్యాకరణమున నాకు సహాధ్యాయులు. వేఱొకరు తెలుగు పండితులు. నలువదేండ్ల క్రింద నొక్క పంక్తిని భుజించినవారము. వారింట పూతరేకులతో నాతిథ్యము గొని, చల్లని వేళ లొల్ల లాకులకు నడచితిమి. అచ్చట ప్రధానకాలువ శాఖలుగా విడిపోయి గన్నవరము, అమలాపురము మొదలగు వైపులకు బోవును. మిత్రులు చిన్న పడవ నొకదానిని గుదిర్చియుంచిరి. పడవవాడు వృద్ధుడు. యౌవనమున ధాన్యపు పడవలు నడపినవాడట.

పడవ కదలగానే శాస్త్రచర్చ మొదలయ్యెను. సహాధ్యాయులు లాకు అను మాట వినుటకు గటువుగానున్నదనియు, దానికి జలసోపానమని సంస్కృతపదము గల్పించి పాఠ్యగ్రంథములలో జేర్పవలెననియు బలికిరి. తెలుగు పండితులు దాని నొప్పుకొనలేదు. "శాస్త్రిగారూ, జలసోపానమన్న రేవుమెట్లని విద్యార్థి యనుకొనును. లాకన్న వానికి తన యూరి తలుపులు కన్నులకు గట్టును" అని వారి సమాధానము. చర్చ విన్న పడవవాడు గెడ యాపకయే, "లాకంటే లాకేనండి బాబుగారూ, దానికింకో పేరెందుకండి?" అనెను. నేనును వాని పక్షమునే చేరితిని. దానికి హేతువులు గలవు.

లాకు అన్యదేశ్యము; ఆంగ్లమునుండి వచ్చినది. అయినను తెలుగులో బ్రవేశించిన క్షణమునుండి మన వ్యాకరణమునకు లోబడినది. హలంతము తెలుగున నిలువదు గావున నుకారము చేరి యజంతమైనది. బహువచనమున లాకులైనది. ఏఱు ఏటియైనట్లు, కాలు కాలియైనట్లు, దీనికి ఔపవిభక్తికరూపము రాదు. చెఱువు మొదలగువానివలె నున్నరూపమే షష్ఠియందును నిలుచును. ఇక నొక విశేషము. ఒకే స్థలమునందున్న కట్టడమును సైతము జనులు లాకులనియే బహువచనమున వ్యవహరింతురు. జంటతలుపులను జూచి యట్లనిరని నాకు దోచుచున్నది. అరువుమాటకు గూడ ప్రజలు తమ కంటితో జూచిన యర్థమును జేర్చిరి. అది పరాయిమాట యనుటకు వీలులేదు. దీనికి బ్రతిగా మనమిచ్చిన మాట యొకటి గలదు. అరవమునందు అణై యనగా నడ్డుకట్ట. దానిపై కట్టు చేరిన మాటయే మనకు ఆనకట్ట. ఆంగ్లేయ యింజనీరులు దానిని దమ నోటికి దగినట్లు మార్చుకొని తమ గ్రంథములలో నెక్కించుకొనిరి. ఒకే కట్టడముకడ మన మొక మాట నిచ్చి యొక మాటను బుచ్చుకొంటిమి. ఇది భాషలకు సహజమైన వినిమయము.

పడవయందలి తక్కిన మాటలను జూడుడు. నావ సంస్కృతము. దోనెను ద్రోణీశబ్దభవముగా వైయాకరణులు చెప్పుదురు. పడవ, రేవు, గెడ, తెడ్డు, తెఱచాప దేశ్యములు. చుక్కాని అరబ్బీనుండియు, లంగరు పారసీకమునుండియు సముద్రవర్తకులతో వచ్చినవి. కాలువ యనునది ద్రావిడభాషలలో నీటిపాయ యను నర్థము గల కాల్ అను ధాతుభాగముతో గూడినది. పెద్దకాలువ, పిల్లకాలువ, బోదె, మురుగుకాలువ యని దానిలో దరతమభేదములు. ఒక్క పడవయందు సంస్కృతము, తద్భవము, దేశ్యము, అన్యదేశ్యము నాలుగును గూర్చుండి ప్రయాణము చేయుచున్నవి. బ్రౌను దొర తెలుగు నిఘంటువు వెలువడిన సంవత్సరము 1852. గోదావరి యానకట్ట ముగిసిన సంవత్సరమదియే. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వచ్చెను. భాషకు నిఘంటువును, వ్యాకరణమును గట్టుదిట్టములుగా నమరిన దశకముననే నేలకు గాలువలమరినవి.

మఱునాడు రస్తామార్గమున గన్నవరము వెళ్లితిమి. అచ్చట వైనతేయపాయపై గాలువను దాటించు నక్విడక్టు గలదు. పాతది గోదావరి యానకట్ట ముగిసిన కొలదికాలమునకే హేగు అను నింజనీరు కట్టించినది. నలువదేసి యడుగుల వెడల్పుగల నలువదితొమ్మిది కమానులపై గాలువ నదిని దాటుచుండెను. క్రింద నది, పైన కాలువ, కాలువపై బడవ. దాని ప్రక్కనే 2000లో నూతనమైన దానిని గట్టి, ఆ ప్రాంతమున నన్నదానముచే బ్రసిద్ధురాలైన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఈమె 1909లో బరమపదించినది. లంకలగుండ బోవు బాటసారులకు వేళ యెఱుగక యన్నము పెట్టిన తల్లి పేరు, నీటిని మోసికొనిపోవు కట్టడమునకు బెట్టుట యుచితముగా నున్నది. కాలువయు నన్నదాతయే కదా.

కాలువప్రయాణమునకు గల మందగమనమే దాని గుణము. సాయంకాలము భుజించి పడవ యెక్కినవారు రాత్రియెల్ల నిదురించి తెల్లవాఱి రేవున దిగుచుండిరి. గాలి యనుకూలించిన దెఱచాప. లేకున్న గెడయు మోకును. లాకుకడ పడవ యాగినపుడు ఊరి వార్తలు చేతులు మాఱుచుండెను. పరిచయములిచ్చటనే స్నేహములగుచుండెను. సాహిత్యమునను దీని జాడ గలదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొదటి భాగము 1924లో వచ్చినది. మొగలితుర్రు యువకుడు సీమకు బోవుటకు రైలెక్కకమునుపు నీటిత్రోవనే పట్టవలసివచ్చెను. నిడదవోలు నరసాపురముల నడుమ నినుపదారి 1928లో గాని రాలేదు. హాస్యగ్రంథమైనను నది నాటి రాకపోకలకు నమ్మదగిన సాక్ష్యము.

మఱి యీ నావ్యత యెట్లు పోయినది? మొదటి కారణము రైలు. 1893లో బెజవాడ గోదావరీతీరముల నడుమ ధూమశకటము నడచెను. 1899లో చెన్నపట్టణము బెజవాడతో గలిసెను. ఆ యేడే కాటను మరణించెను. మఱుసటి యేడు, 1900లో, రాజమహేంద్రవరముకడ హేవలాకు వంతెన తెఱవబడెను. రెండవ కారణము మోటారులారి. అది రేవునకు గాక పొలము గట్టునకే వచ్చును. మూడవది కుల్యానావ్యముల సహజవిరోధము. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. అపుడు పడవ నేలబడును. రెండవపంట హెచ్చినకొలది నీటిపై గర్షకుని హక్కు బలపడెను. నాలుగవది యుపేక్ష. పూడిక తీయకుండుట, లాకుల తలుపులు జీర్ణించుట, తక్కువ యెత్తున వంతెనలు వేయుట. బకింగుహాము కాలువను 1965-66లోను, 1976లోను వచ్చిన తుపానులు దెబ్బతీసెను. చెన్నపట్టణములో నది మురుగుకాలువగా దిగజాఱెను.

కాటను పక్షమునను దోషము లేకపోలేదని చెప్పుట న్యాయము. ఎగువ గోదావరిని మధ్యదేశమువఱకు నావ్యము చేయవలెనని దుమ్ముగూడెముకడ జరిగిన ప్రయత్నము రాతిమెట్టలయెదుట నిలువలేక 1871లో విడువబడెను. తుంగభద్రనుండి కర్నూలు కడప కాలువను 1863లో మొదలిడి 1870 నాటికి ముగించిన కుంపిణి నష్టపడి, 1882లో దానిని దొరతనమునకు విక్రయించెను. కనుక కుల్యయు నావ్యమును నెల్లయెడల గూడవు. డెల్టాయందు గూడినవన్న దానికి నేల చదును, నీటి సమృద్ధి, గ్రామముల సాంద్రత యను మూడు హేతువులు గలవు. అట్టి యనుకూలస్థలమున లభించినదానిని బోగొట్టుకొనుట వేఱుమాట.

2008లో గాకినాడ పుదుచ్చేరి కాలువలను, గోదావరీ కృష్ణానదుల కొన్ని భాగములను గలిపి 1078 కిలోమీటర్ల జాతీయజలమార్గముగా బ్రకటించిరి. 2025 సంక్రాంతికి ఆత్రేయపురము కాలువలో పడవల పోటీలు జరిగినవి. ప్రకటన శాసనమాత్రము, పోటీ వినోదమాత్రము. జలమార్గము మఱల నడచుట పాలకులయొక్కయు, ఇంజనీరులయొక్కయు బని. మన పని వేఱు. పడవలు పోయినను బడవవారి మాటలు పోకుండ జూచుట మన పని. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదముల మాండలికకోశమును 1962లో వెలువరించి, వృత్తిపదములను రైతు నోటనే వినవలెనని మార్గము చూపిరి. అట్టి శ్రద్ధయే కాలువ పడవవారి మాటలయెడను జూపవలెను. లాకు నడపినవారును, గెడ వేసినవారును నేడు వృద్ధులైరి. కొలది సంవత్సరములలో వారుండరు.

ఇందునకు విశేషధనము గాని, సభలు గాని యక్కఱలేదు. కాలువగట్టు గ్రామములందు బాఠశాలలు గలవు. పాఠశాలలందు బండితులు గలరు. ఒక్కొక్కరు తమ యూరి రేవుపేరు, లాకులపేరు, పడవభాగముల పేళ్లు, గాలినిబట్టి నీటినిబట్టి పడవవారు వాడు క్రియాపదములు, వృద్ధులు చెప్పిన యుచ్చారణతో వ్రాసి మన పత్రికకు బంపిన జాలును. సంస్కృతీకరింపవద్దు, దిద్దవద్దు. విన్నది విన్నట్లు వ్రాయవలెను. లోతు తగ్గిన కాలువలో మఱల నీరు నింపుట సాధ్యము. వాడుక తప్పిన మాటను చెప్పువాడు పోయినపిదప నింపుట యసాధ్యము. కుల్య మిగిలినది గావున నన్నమునకు గొఱత లేదు. నావ్యపు స్మృతియైన నిలిచినచో, త్రోవ మఱల తెఱచునాటికి దానిపై నడచుటకు మనకు మాటలుండును.